నూరేళ్లు నిండని వస్తువులే నా బేరం

పాతసామాను కొని అమ్ముతుంటానని తెలిసి, ఫోన్ తీస్తే చాలు, ఎవరో ఒకరు ఫోటో పంపి ఉంటారు. "అన్నా, మా ఇంట్లో వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ల ఉంది, వీడియోల్లో పది లక్షలంటున్నారు, నువ్వు కొంటావా?" అని. అది 2012లో మామూలు చలామణీకే వదిలిన స్మారక నాణెం. తళతళలాడుతూ ఉంటే ముఖవిలువ మీద నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయేమో, అంతకుమించి ఏమీ లేదు. ఈ మాట చెబితే నమ్మరు, తక్కువకి కొట్టేయడానికి నేనే అబద్ధమాడుతున్నానని అనుకుంటారు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది, మా పేరూ లోగో పెట్టుకుని పాత నాణేలు, నోట్లు కొంటామని కమీషన్లూ పన్నులూ అడిగేవాళ్లతో మాకు ఏ సంబంధమూ లేదు, మోసపోవద్దు అని. అయినా "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టి నోరు మూసుకున్నవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు.

ఇంకో రకం ఉంది. ఒకవైపు సీతారామలక్ష్మణులూ హనుమంతుడూ, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అని సంవత్సరం. కొన్నిటి మీద 1616 అని కూడా ఉంటుంది, కొట్టినవాడికి చరిత్ర మీద అంత గౌరవం! కంపెనీ ఇలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. పూజగదిలో పెట్టుకుని దణ్ణం పెట్టుకోండి, తప్పు లేదు, అమ్మడానికి మాత్రం నా దగ్గరికి తేవద్దు. బియ్యపు గింజల్ని లాగే రాగి చెంబు, అదే రైస్ పుల్లర్ అంటారే, దాని గురించి అడిగేవాళ్ల నంబరు నేను బ్లాక్ చేస్తాను. ఆ బాపతు కేసుల్లో పట్టుబడ్డవాళ్ల ఫోటోలు పేపర్లో వస్తూనే ఉంటాయి, అయినా మళ్లీ ఎవడో ఒకడు పెట్టుబడి పెడుతూనే ఉంటాడు.

పాతసామాను బేరం అంటే చాలామందికి ఇలా లాటరీ తగలడమే గుర్తొస్తుంది. నేను చేసేది అది కాదు. ఉద్యోగం ఉద్యోగమే, శని ఆదివారాల్లో హైదరాబాద్ వేలం హాళ్ల చుట్టూ తిరుగుతాను, వీలున్నప్పుడు పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకీ, ఆదివారం తెల్లారుజామున ఎర్రగడ్డ సంతకీ వెళ్తాను, దొరికింది శుభ్రం చేసి, ఫోటోలు తీసి ఆన్‌లైన్లో అమ్ముతాను. వాల్వు రేడియోలు, చేతి గడియారాలు, ఇంకు పెన్నులు, ఎనామిల్ పూత వేసిన ప్రకటన బోర్డులు, మరచెంబులు, అడకత్తెరలు, పాత కొలపాత్రలు. అన్నీ ముప్పై నుంచి తొంభై ఏళ్ల మధ్యవి. వందేళ్లు దాటిందని అనుమానం వచ్చినా చేయి వెనక్కి తీసేసుకుంటాను.

దీనికి కారణం చట్టం. 1972లో చేసి, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి తెచ్చిన పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, శిల్పం, చిత్రపటం, చేతిపనితనం ఉన్న వస్తువు, దాదాపు ఏదైనా పురావస్తువే. రాతప్రతులకీ పాత దస్తావేజులకీ చారిత్రక విలువుంటే డెబ్భై ఐదేళ్లే చాలు. వీటిని అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. విగ్రహాలు, చెక్కిన కొయ్యపని, బొమ్మలున్న తాళపత్రాల్లాంటివి ఇంట్లో ఉంచుకోవాలన్నా పురావస్తు శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి. విదేశాలకి పంపడమైతే వ్యక్తులకి పూర్తిగా నిషేధం, పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. వేలం హాల్లో పంచలోహ విగ్రహం కనబడినా, "మా ఊరి గుట్ట మీద తవ్వితే దొరికింది అన్నా" అని ఎవరైనా వాట్సాప్‌లో బొమ్మ పంపినా నా జవాబు ఒక్కటే. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది, అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. గుప్తనిధుల పేరుతో గుళ్ల కింద తవ్వుకునే బాపతుతో మనకి పని లేదు.

ఏనుగు దంతం కూడా అంతే. తాతల నాటిదే కావచ్చు, పిడి ఒక్కటే దంతం కావచ్చు, దువ్వెనో గుండీయో కావచ్చు, అమ్మితే వన్యప్రాణుల చట్టం కింద నేరం. ఒకసారి చేతికర్ర ఒకటి వేలం పాటకొచ్చింది, వెండి పొన్ను, తెల్లటి పిడి. ఎముకా దంతమా అని నలుగురు వాదించుకుంటున్నారు. దంతమైతే అడ్డంగా కోసిన చోట సన్నటి గీతలు ఒకదాన్నొకటి వాలుగా దాటుతూ వలలా కనబడతాయి, ఎముకైతే చిన్న చిన్న నల్ల చుక్కలుంటాయి. నేను భూతద్దం తీయను కూడా తీయలేదు. ఏదని తేలినా నాకు అక్కర్లేదు.

సరే, హాలు సంగతి చెప్తాను. పేర్లు రాయను, తెలిసినవాళ్లకి తెలుసు. శనివారం సామాను చూసుకోనిస్తారు, ఆదివారం పాట. సామాను ఎక్కణ్నుంచి వస్తుందంటే, పాత బంగళా పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతుంటారు, పిల్లలు విదేశాల్లో ఉంటారు, పెద్దవాళ్లు పోయాక పందిరిమంచం, అద్దాల బీరువా, భోషాణం ఫ్లాట్‌లో పట్టవు. పెద్ద సామానుకి పెద్ద వ్యాపారులుంటారు, బర్మాటేకు అనేసరికి వాళ్ల పాట మనకి అందదు. నాకు కావలసింది ఆ సామానుతోపాటు వచ్చే చెత్త. సొరుగుల్లో ఉండేది. హాలువాళ్లు దాన్ని విడదీసి చూసే ఓపిక లేక ట్రేలో, అట్టపెట్టెలో పోసి ఒకే లాటుగా పెడతారు, తుప్పు తాళాలూ విరిగిన కళ్లజోళ్లూ ఉత్తరాలు తూచే త్రాసులూ అన్నీ కలిపి.

పాట తమాషాగా ఉంటుంది. వేలం వేసేవాడు కుర్చీ ఎక్కి, హిందీ ఉర్దూ తెలుగు ఇంగ్లిష్ అన్నీ కలిపి వదుల్తాడు. "తీన్ సౌ, తీన్ సౌ... సాడే తీన్... రెండోసారి... సాబ్, పీఛే వాలే సాబ్!" అంటాడు. వెనకున్న సాబ్ చెవి గోక్కున్నా పాట కిందే లెక్క. మొదట్లో కొత్తవాళ్లకి తెలియనిది ఏంటంటే, ముందు వరసలో కూర్చున్న ఆరేడుగురు ఒకరి మీద ఒకరు పాట పెంచుకోరు. సిండికేటు. ఒకడే పాడతాడు, చవగ్గా కొడతాడు, పాట అయ్యాక బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ వాళ్లలో వాళ్లు మళ్లీ పాడుకుని తేడా పంచుకుంటారు. బయటివాడు ఎవడైనా దూరితే మాత్రం వాణ్ని ఎక్కించి, ఎక్కించి, వదిలేస్తారు. వాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్ల బతుకుదెరువు అది. నా జాగ్రత్తల్లా ఒక్కటే, శనివారమే నా హద్దు చిన్న పుస్తకంలో రాసుకుంటాను. పాట మొత్తం కాదు, నా ఇంటికి చేరేసరికి అయ్యే మొత్తం. హాలు కమీషన్, హమాలీ, ట్రాలీ ఆటో, రిపేరు, ప్యాకింగు అన్నీ అందులోంచి తీసేస్తే పాటకి మిగిలేది ఎంతో అప్పుడు తెలుస్తుంది. అది దాటితే చేతులు కట్టుకుని కూర్చుంటాను. బాలాపూర్ గణేశ్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, ఇప్పుడు లక్షల్లో పాడుతున్నారు, అక్కడంటే భక్తి ఉంది, పరువుంది. రేడియోకి ఆ రెండూ అక్కర్లేదు.

అలాంటి ట్రే ఒకటి చెప్తాను. ఎవరో వకీలుగారి బల్ల సొరుగు మొత్తం గుమ్మరించినట్టుంది. లక్క ముద్రలు, పిన్నుల డబ్బా, కోర్టు స్టాంపుల కవరు, అడుగున మట్టి రంగులో లావుపాటి పెన్ను. ముందు చూసినవాళ్లు ప్లాస్టిక్ అనుకుని పక్కన పడేశారు. నేను బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను, గంధకం వాసన కొట్టింది. ఎబొనైట్. రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచిన పదార్థం అది, మొదట నిగనిగలాడే నలుపు ఉంటుంది, ఏళ్ల తరబడి వెలుతురు తగిలేసరికి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకి తిరుగుతుంది. మూత తీస్తే, మూత కింద దాగిన భాగం మాత్రం ఇంకా నల్లగానే ఉంది. మెడ దగ్గర చేత్తో తిప్పి కోసిన మరలు, ఒంటి మీద సగం అరిగిన చెక్కుడు అక్షరాలు, రాజమండ్రి అన్న ఊరిపేరు ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప కనబడదు.

రాజమండ్రి పెన్ను అంటే తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. రత్నం పెన్నుని మెచ్చుకుంటూ గాంధీగారు ఉత్తరం రాసింది 1935లో, ఆ దుకాణం పేరు ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఇంకొందరు పెన్నులు చేశారు, అందుకని రాజమండ్రి అని ఉన్న ప్రతిదాన్నీ రత్నం అని అమ్మకూడదు. అక్షరాలు ఎంతవరకు చదవగలిగితే అంతవరకే చెప్పాలి. నేను "రాజమండ్రి ఎబొనైట్, మేకరు పేరు పూర్తిగా కనబడటం లేదు" అనే రాశాను. ఎబొనైట్‌ని నీళ్లలో నానబెట్టకూడదు, వేడినీళ్లయితే రంగు ఇంకా పాడవుతుంది, పొడిబట్ట చాలు. నల్లగా చేస్తానని పాలిష్ పట్టే మహానుభావులున్నారు, వాళ్లు అక్షరాల్ని కూడా పాలిష్ పట్టేస్తారు. ట్రే మొత్తం 1,500కి పడింది. పెన్ను ఒక్కటే చెన్నైలో ఉండే పెన్నుల పిచ్చాయన 4,200కి తీసుకున్నాడు, ఆయనకి ఆ గోధుమ రంగే కావాలట. లక్క ముద్రలు విడిగా పోయాయి. తాళాలు పాత ఇనుములో వేశాను.

వయసు కట్టడం ఎలా అని చాలామంది అడుగుతారు. చూడగానే చెప్పేయడానికి నేనేం సోదెమ్మని కాదు, వస్తువు మీదే రాసి ఉంటుంది. ఎనామిల్ బోర్డు మీద ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, నయాపైసల్లో ఉంటే ఆ తర్వాతి కొన్నేళ్లది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే 1972 ఆగస్టు 15 తర్వాతే చేశారు, అంతకుముందు ఉత్త "హైదరాబాద్-1" లాంటి జోన్ నంబరే. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949కీ 1990కీ మధ్య. ఆక్రమిత జపాన్ అని ఇంగ్లిష్‌లో ఉన్న కప్పూ సాసరూ దొరికితే రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1947 నుంచి 1952 దాకా ఆ ముద్ర వేసిన నాలుగైదేళ్లది. సేరు ముద్ర ఉన్న కొలపాత్ర లీటర్లు రాకముందుది, దాని అంచు మీద తూనికల శాఖవాళ్లు కొట్టిన ముద్రలు వరసగా ఉంటాయి, అవి ఉంటేనే ధర.

మన ఇళ్లలో ఇత్తడి, కంచు సామానైతే ఇంకా సులువు. పెళ్లికి పెట్టిన బిందె మీద చుక్కల అక్షరాలతో పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా కొట్టించేవాళ్లు. పాతికేళ్ల కిందటి దాకా ప్రతి స్టీలు కొట్టు ముందూ ఆ మెషీను బర్రుమంటూనే ఉండేది. దానికి ముందు ఉలితో చేత్తోనే కొట్టేవాళ్లు, ఆ చుక్కలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, "కి" గుడి పక్కింటి అక్షరం మీదికి వెళ్లిపోతుంది. పాత బిందెని లోపల్నుంచి చూస్తే రెండు రేకుల్ని పళ్లు పళ్లుగా కత్తిరించి ఒకదాంట్లో ఒకటి దూర్చి అతికిన గీత కనబడుతుంది. అతుకు ఎక్కడా లేకుండా నున్నగా ఉంటే మిషను మీద నొక్కిందే.

నాణేలు నేను పెద్దగా ముట్టుకోను, కానీ ట్రేల్లో వస్తూంటాయి కాబట్టి జేబులో చిన్న తూకం ఉంచుకుంటాను. బ్రిటిష్ వెండి రూపాయి తులం, అంటే 11.66 గ్రాములు. చార్మినార్ బొమ్మున్న నిజాం హాలీ రూపాయి దానికంటే కొంచెం తేలిక, 11.18. అరిగితే పాయింట్లలో తగ్గుతుంది, గ్రాముల్లో తగ్గితే అనుమానించాలి. అయస్కాంతం అంటుకుంటే దొంగదని అందరూ అంటారు, అది వెండికే వర్తిస్తుంది. 1947 రూపాయి నికెల్‌ది, అసలుదే అయస్కాంతానికి అంటుకుంటుంది, ఆ సంగతి తెలీక పారేసినవాళ్లున్నారు. 1911 జార్జి రూపాయికి మాత్రం ఎప్పుడూ గిరాకీయే. రాజుగారి దుస్తుల మీద పతకంలో చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా పడి, చూసేవాళ్లకి పందిలా కనబడి గొడవైతే, మరుసటేడు బొమ్మ మార్చారు. అందుకని దాన్ని పంది రూపాయి అంటారు. ఆ ఒక్క సంవత్సరం వేసి దొంగనాణేలు పోస్తున్నవాళ్లు కూడా తయారయ్యారు. ఒక్క దండం పెట్టి చెప్తున్నాను, నాణెం దొరికితే చింతపండుతో తోమొద్దు, పీతాంబరి వేయొద్దు. తళతళలాడించిన మరుక్షణం సేకరించేవాడి దృష్టిలో దాని విలువ సగానికి పడిపోతుంది.

గడియారాల మీద ఇప్పుడు గిరాకీ బాగా ఉంది, మోసమూ అంతే ఉంది. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో గడియారాలు మొదలుపెట్టింది, ఆ గడియారాల విభాగం 2016లో మూతపడింది. మూతపడ్డాక ప్రేమ పుట్టుకొచ్చింది జనానికి. జనతా, పైలట్ మోడళ్లంటే ఎగబడి కొంటున్నారు. దాంతో పాత మిషన్లకి కొత్త డయల్ వేసి, నారింజ, ఊదా, చిలకాకుపచ్చ రంగులు పులిమి అరుదైన మోడల్ అని అమ్ముతున్నారు. ఫోటోలో అద్దం మీద గీతలున్నా డయల్ మాత్రం నిన్న అచ్చేసినట్టు మెరుస్తుంటే ఆగండి. భూతద్దం పెడితే అసలు డయల్ మీద అక్షరాల అంచులు కత్తితో కోసినట్టుంటాయి, తిరిగి వేసినదాంట్లో సిరా ఊరి ఉబ్బినట్టుంటుంది. నిమిషాల గీతలు సరిగ్గా అంకెల ఎదుటికి రావు. ఆరు అంకె కింద అంచున అతి సన్నటి అచ్చు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. వెండి రంగో తెలుపో మాసిపోయిన డయల్ మీద చిన్న మచ్చ ఉన్నా నేను అదే కొంటాను, అమ్మేటప్పుడు ఆ మచ్చనే మొదటి ఫోటోలో పెడతాను.

హైదరాబాద్‌వాళ్లం కాబట్టి ఆల్విన్ గడియారాలంటే నాకు కొంచెం పక్షపాతం. సనత్‌నగర్ ఆల్విన్ ఫ్రిజ్ గుర్తున్నవాళ్లకి, జపాన్ సీకోతో కలిసి వాళ్లు చేసిన వాచీలు కూడా గుర్తుండే ఉంటాయి. హెచ్‌ఎంటీకి ఉన్నంత పిచ్చి వీటికి ఇంకా రాలేదు, అందుకే ఇప్పుడే కొంటున్నాను. ఇది రాయకుండా ఉండాల్సింది, రేపటి నుంచి హాల్లో నాకు పోటీ పెరుగుతుంది.

తిరుమల హుండీ వాచీల వేలం గురించి కూడా చాలామంది అడిగారు. అది నిజమే. భక్తులు హుండీల్లో వేసిన వాచీలు, మొబైల్ ఫోన్లు, కెమెరాలు టీటీడీ అప్పుడప్పుడు ఈ-వేలం వేస్తుంది. కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని లాట్లు చేస్తారు, ప్రకటనలో టైటన్, క్యాసియో, టైమెక్స్, ఆల్విన్, సొనాటా, సిటిజన్, రోలెక్స్ అని పేర్లు వరసగా ఉంటాయి. ఆ చివరి పేరు చూసి గుండె వేగంగా కొట్టుకున్నవాళ్లు కాస్త నీళ్లు తాగండి. హుండీలో పడేది అసలుదో నకిలీదో వేసినవాడికే తెలియాలి, లాటంటే అంతా కలిపే. ధరావతు కట్టాలి, మొత్తం లాటు ఎత్తాలి, అందులో బ్యాటరీ కారి తుప్పు పట్టిన క్వార్ట్జ్ వాచీలు ఎన్నుంటాయో లెక్క కట్టుకోవాలి. రిపేరు షాపు ఉన్నవాడికి గిట్టుబాటు, సొంతంగా మిషను విప్పడం రానివాడికి కాదు.

ఇక రేడియో. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, ఏది దొరికినా ఇంటికి తేగానే ప్లగ్గులో పెట్టకండి. ఏళ్లుగా వాడని కెపాసిటర్లు లీకవుతుంటాయి, ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండా వెళ్లి రేడియోకి చేరేలా, బల్బు పెట్టి చూడాలి, బల్బు భగ్గున వెలిగిందంటే లోపల షార్టు ఉన్నట్టు. ఈ పని తెలిసిన మెకానిక్కులు ఊళ్లో చాలా కొద్దిమంది మిగిలారు, నేను ఇచ్చే పెద్దాయన డెబ్భై దాటారు, "తొందరైతే నా దగ్గరికి రాకు బాబూ" అని మొహం మీదే చెప్తారు. ఒక మర్ఫీ లెక్క చెప్తాను. పాట 2,600, కమీషన్ 260, ట్రాలీ 350, రిపేరు 1,100, ప్యాకింగ్ 450. మొత్తం 4,760. అమ్మింది 7,500కి, రవాణా కొన్నవాళ్లదే. మధ్యలో నా గదిలో రెండు నెలలు కూర్చుంది, ఇంట్లోవాళ్లతో తిన్న చీవాట్లు ఈ లెక్కలో లేవు. దానితోపాటు పోస్టాఫీసు రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే, ఆ స్టాంపులతో సహా, ఇంకో వెయ్యి పలుకుతుంది. రేడియో వినడానికి లైసెన్సా అని ఇప్పటి పిల్లలు నోరెళ్లబెడతారు, 1980ల దాకా ఉండేది మరి.

గ్రామఫోన్ మాత్రం హాల్లో కొనను. పెద్ద ఇత్తడి బూర, మెరిసే చెక్కపెట్టె, ముందు కుక్కబొమ్మ బిళ్ల, ఇవన్నీ ఉంటే తొంభై తొమ్మిది పాళ్లు ఈమధ్య తయారు చేసినవే. లోపల మోటారు ఎక్కడో పాత పోర్టబుల్‌లోంచి పీకింది. ఇంట్లో షోకేసు పక్కన పెట్టుకోవడానికైతే కొనుక్కోండి, పాతదని మాత్రం డబ్బివ్వకండి.

అమ్మడం దగ్గరికి వస్తే, ఒకప్పుడు మాకు ఈబే ఇండియా ఉండేది. 2004లో బాజీ డాట్ కామ్‌ని కొని ఈబే ఇక్కడికొచ్చింది, 2017లో ఆ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికెళ్లింది, 2018 ఆగస్టు 14న మూతపడింది. నాణేలు, స్టాంపులు అమ్ముకునే చిన్నవాళ్లందరికీ ఆ రోజు కొట్టు కాలిపోయినట్టయింది. ఇప్పుడు ఫేస్‌బుక్ గ్రూపులు, ఇన్‌స్టా, వాట్సాప్, ఓఎల్ఎక్స్, విదేశీయులకైతే ఈబే అసలు సైటు. ధర ఎంత పెట్టాలో తెలియాలంటే అక్కడ అమ్మకానికి పెట్టిన ధరలు చూడకూడదు, అమ్ముడుపోయినవి అనే వడపోత నొక్కి చూడాలి. లక్ష అని పెట్టుకోవడానికి ఎవరికైనా హక్కుంది, ఎంతకి పోయిందన్నదే ధర.

ఫోటోలు ఉదయంపూట కిటికీ పక్కన తీస్తాను, ఫ్లాష్ వాడను. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు అర్థమవుతుంది. అడుగు, వెనక, లోపల, పగులు, అన్నీ ఉండాలి. వివరంలో లోపాలే ముందు రాస్తాను. దానివల్ల అడిగేవాళ్లు తగ్గుతారు, గొడవపడేవాళ్లు ఇంకా బాగా తగ్గుతారు. "లాస్ట్ ఎంత బ్రో" అనే మెసేజికి నేను జవాబివ్వను, వస్తువు గురించి ఒక్క ప్రశ్న అడిగినవాళ్లకి మాత్రం రాత్రి పన్నెండింటికైనా ఇస్తాను. ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, బేరమాడకుండా ఒప్పుకుని, "క్యూఆర్ కోడ్ పంపుతున్నా, స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అనేవాడు దొంగ. డబ్బు పుచ్చుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎక్కడా లేదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ప్యాకింగ్‌లో పిసినారితనం పనికిరాదు. రేడియో వాల్వులు ఊడదీసి, ఏది ఎక్కడిదో నంబరు రాసి, విడివిడిగా చుట్టాలి, స్టేషన్ల పేర్లున్న గాజుపలక మీద థర్మాకోల్ వేసి, పెట్టెలో పెట్టె పెట్టాలి, రెండు పెట్టెల మధ్య పేపరు ఉండలు కుక్కాలి. కదిపితే చప్పుడు రాకూడదు. కట్టేదంతా వీడియో తీస్తాను, విప్పేటప్పుడు మీరూ తీయండని చెప్తాను. ఒక కొరియర్ చేతిలో గాజుపలక రెండు ముక్కలయ్యాక వాళ్లతో నెలన్నర ఉత్తరాలు నడిపి పైసా రాబట్టలేకపోయాను, అప్పట్నుంచి గాజు ఉన్నదాన్ని హైదరాబాద్‌లోపలే అమ్మి చేతికే ఇస్తున్నాను.

విదేశాల్లో మనవాళ్లు ఎక్కువగా అడిగేది మరచెంబు. మూత మరలా తిప్పి బిగించి రైలు ప్రయాణానికి నీళ్లు పట్టుకెళ్లిన చెంబు. డల్లాస్‌లో ఉండే ఒకావిడ ఫోటోలో చుక్కల అక్షరాల ఇంటిపేరు చూసి, "అది మా పుట్టింటి ఇంటిపేరండీ, ఊరు కూడా పక్కూరే" అని బేరమే ఆడకుండా తీసుకున్నారు. చుట్టరికం ఉందో లేదో ఆవిడకీ తెలీదు, నాకు అంతకంటే తెలీదు. లోపల కళాయి పోయింది, నీళ్లు తాగొద్దు, అలంకారానికే అని రాసిచ్చాను. అయితే అమెరికా పార్సెల్ ఇప్పుడు మునుపటంత తేలిక కాదు. 800 డాలర్లలోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు చివర్లో ఎత్తేశారు, ఆ గందరగోళంలో మన తపాలా శాఖ అక్కడికి పార్సెళ్లు తీసుకోవడం అక్టోబరు దాకా ఆపేసింది. మళ్లీ మొదలైంది కానీ సుంకం ఇక్కడ బుక్ చేసేటప్పుడే కట్టాలి, చివరికి అది కొన్నవాళ్ల నెత్తినే పడుతోంది, వెయ్యి రూపాయల చెంబుకి ఆ ఖర్చు భరించేవాళ్లు తక్కువ. పైగా చూడ్డానికి పాతగా ఉన్నది ఏదైనా కస్టమ్స్‌లో ఆపి అడగొచ్చు. అందుకే తేదీ కొట్టి ఉన్న సామానే పంపుతాను, పెట్టెలో ఆ తేదీ ఫోటో పెద్దగా ప్రింటు తీసి పెడతాను. ఇంకా అనుమానం ఉంటే పురావస్తు శాఖ దగ్గర ఇది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకునే వీలుంది, వస్తువు తీసుకెళ్లి చూపించాలి. ఐదు వేల లోపు సరుక్కి అంత తిరుగుడు నాకు గిట్టదు, దేశంలోనే అమ్మేస్తాను.

పన్ను గురించి ఒక్క మాట. జీఎస్టీ కింద ఉన్నవాళ్లకి పాత వస్తువులు యథాతథంగా తిరిగి అమ్మితే కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీదే పన్ను లెక్కించుకునే వెసులుబాటు ఉంది. దానికి కొన్న కాగితం ఉండాలి. హాల్లో రసీదు అడిగితే విసుక్కుంటారు, అయినా అడిగి తీసుకోండి. దొంగసొత్తు కాదని రేపు ఎవరికైనా చూపించడానికి కూడా ఆ ముక్కే ఆధారం. సంతలో కొన్నవాటికి రసీదు ఉండదు కాబట్టి తేదీ, చోటు, ధర రాసుకుని అక్కడే ఒక ఫోటో తీసుకుంటాను. ఎవరి పేరో చెక్కి ఉన్న కొత్త వెండి సామాను, ఛార్జరు లేని ఫోన్లు, ఇలాంటివి సంతలో ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోను.

ఈ వారం నా దగ్గర ఉన్నవి రెండు ఆల్విన్‌లు, అందులో ఒకటి నడవదు, ఒక సేరు కొలపాత్ర, పిన్‌కోడ్ లేని బిస్కెట్ కంపెనీ బోర్డు ఒకటి, కింది మూల తుప్పు పట్టింది. మరచెంబులు లేవు. రేడియో ఒకటి పెద్దాయన దగ్గరుంది, ఎప్పుడొస్తుందో ఆయన్నే అడగాలి, నేను అడగలేను.